ఫ్లాటు కొన్నాం, చెల్లు కోసం 7 వారాలు తిరిగాం: నా అనుభవం

మొన్న శుక్రవారం మా ఫ్లాటు రిజిస్ట్రేషన్ అయింది. హైదరాబాద్‌లో మియాపూర్ వైపు, 1,180 చదరపు అడుగులు, పన్నెండేళ్ల కిందట కట్టిన బిల్డింగు, 52 లక్షలు. 2025 ఆగస్టులో బయానా ఇస్తే నవంబరులో తాళంచెవి చేతికొచ్చింది. పడిన కష్టం మరిచిపోకముందే రాయాలని కూర్చున్నాను.

ఇల్లు వెతకడానికి మూడు ఆదివారాలు పట్టింది. బేరం ఒక్క సాయంత్రంలో తేలింది. మా ఇద్దరి జీతాలు చూసి బ్యాంకు లోను కూడా తొందరగానే ఒప్పుకుంది.

1,180 అన్నది మెట్లు, లిఫ్టు, కారిడార్‌లో మన వాటా కలిపిన లెక్క. టేపు పెట్టి కొలిస్తే గోడల లోపల మేం తిరిగే జాగా 840 అడుగులు. దాన్నే కార్పెట్ ఏరియా అంటారు. బాల్కనీ అందులోకి రాదు. యూడీఎస్ అంటే ఆ స్థలంలో మన పేరుమీద పడే విడదీయని వాటా. మాకు 38 గజాలు వచ్చింది. రేపు బిల్డింగు పాతబడి కూల్చినా మిగిలేది ఆ గజాలే కాబట్టి, ఫ్లాటు చూడటానికి వెళ్లినప్పుడు టైల్స్ కంటే ముందు దాన్ని అడగండి.

మమ్మల్ని ఏడిపించింది మాత్రం ఈసీ.

ఆస్తి మీద ఏయే అమ్మకాలు, తాకట్లు రిజిస్టర్ అయ్యాయో చూపించే కాగితం ఈసీ. మధ్యవర్తి మొదటి రోజే ఒకటి తెచ్చిచ్చి "నిల్ ఈసీ మేడమ్, క్లియర్ ప్రాపర్టీ" అన్నాడు. కింద సంతకం, ముద్ర ఉన్నాయి. నమ్మి 2 లక్షలు బయానా ఇచ్చేశాం.

బ్యాంకు తరఫు లాయరు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, ఫారం 16 తెమ్మని. మా ఆఫీసులో ఏటా ఇచ్చే ఫారం 16 అనుకుని, రెండేళ్లవి జిరాక్స్ తీయించి, సెలవు పెట్టి మరీ వెళ్లాను. అక్కడ గుమస్తా నా కాగితాన్ని అందరికీ కనబడేలా పైకెత్తి, "జీతం కాగితం ఎవరడిగారు మేడమ్? ఇల్లు కొంటున్నారు, ఫారం 16 అంటే ఏంటో తెలియదా?" అన్నాడు. బెంచీ మీద ఏడెనిమిది మంది ఉన్నారు. ఇద్దరు నవ్వారు. పదిహేనేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను, ఒకరితో మాట పడలేదు. ఆ రోజు నోట మాట రాలేదు.

రిజిస్ట్రేషన్ వాళ్ల భాషలో ఫారం 16 అంటే, అడిగిన కాలంలో ఏ లావాదేవీ లేదని ఇచ్చే ఈసీ. లావాదేవీలుంటే వచ్చేది ఫారం 15. ఈ ఒక్క మాట ఫోన్‌లో చెప్పడానికి అతనికి అర నిమిషం పట్టేది. తెలియనివాళ్లకు చెప్పడం అతని ఉద్యోగంలో భాగం. మనకు తెలియకపోవడం తప్పు కాదు, తెలియదని నవ్వడం తప్పు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. సంచిలోంచి మధ్యవర్తి ఇచ్చిన ఈసీ తీసిచ్చాను. లాయరు ఒక్కసారి చూసి, "ఇది ఎప్పటి నుంచి తీశారో చూశారా అమ్మా?" అన్నారు. 2018 నుంచి. నిల్ అన్న మాట ఆ తేదీల మధ్య కాలానికే చెల్లుతుంది. ఆయన కంప్యూటర్‌లో ముప్పై ఏళ్లకు తీస్తే 2013లో ఒక ఎంట్రీ కనబడింది: డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్, అంటే ఇంటి కాగితాలు అప్పగించి పెట్టిన తాకట్టు. పేర్ల పక్కన ఎం.ఆర్., ఎం.ఇ. అని ఉంది. మొదటిది తాకట్టు పెట్టినవారు, రెండోది పెట్టించుకున్నవారు. అమ్మే ఆయన అప్పట్లో తీసుకున్న హోమ్‌లోను అది.

ఆయనకు ఫోన్ చేస్తే, "2019లోనే కట్టేశానమ్మా, ఎన్ఓసీ ఉంది" అన్నారు. బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చిన ఆ కాగితం ఉంది కూడా. మరి తప్పెక్కడుందో నాకు ఎంతకీ అంతుబట్టలేదు. రాత్రి నల్గొండలో ఉన్న మామయ్యకు ఫోన్‌లో ఇదంతా చెప్పాను. ఆయన ఏడో తరగతి వరకే చదివారు. "కుదువ వెట్టిండు, పైసలు గట్టిండు. మరి చెల్లు రాయించుకున్నడా అమ్మా?" అని అడిగారు.

అప్పుడు అర్థమైంది. తాకట్టు రిజిస్టరులో ఎక్కితే, అది తీరిన సంగతి కూడా అదే రిజిస్టరులో ఎక్కాలి. ఎన్ఓసీ బీరువాలో ఉంటే సబ్‌రిజిస్ట్రార్‌కు ఎలా తెలుస్తుంది? మామయ్య చెల్లు అన్నదాన్నే ఆఫీసుల్లో రిలీజ్ అంటారు. కుదువ, వాటా, చెల్లు మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న మాటలు. వాటినే ఇంగ్లీషు అక్షరాలుగా మార్చి ముందు పెడితే మనకు టెన్షన్ పట్టుకుంటుంది.

ఆ చెల్లు కోసమే 7 వారాలు. లోను ఇచ్చిన బ్యాంకు ఈలోగా ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. కొత్త బ్రాంచిలో "ఈ ఖాతా మా దగ్గర లేదు" అన్నారు. ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు, అక్కడ మేనేజరు సెలవులో ఉన్నారు. లిఖితపూర్వకంగా అర్జీ ఇచ్చి, రిసీవ్డ్ అని ముద్ర వేయించుకున్నాకే ఫైలు కదిలింది. నోటిమాటగా తిరిగిన నాలుగు వారాలూ వృథా. చివరికి వాళ్ల అధికారి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టారు. 2023 డిసెంబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ఒకటుంది: లోను పూర్తిగా తీరాక 30 రోజుల్లో అసలు కాగితాలు తిరిగివ్వాలి, రిజిస్టరైన తాకట్టును తీయించాలి, ఆలస్యం బ్యాంకుదైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి. మాకు అమ్మినాయన 2019లోనే తీర్చేశారు కాబట్టి మాకు పనికి రాలేదు. ఇప్పుడు లోను తీరుస్తున్నవాళ్లు మాత్రం వదలొద్దు.

2018 నుంచే ఎందుకు తీయించావని మధ్యవర్తిని అడిగితే "అందరూ అంతే ఇస్తారు మేడమ్" అన్నాడు. ఒక శాతం కమిషన్ మాత్రం పైసా తగ్గకుండా తీసుకున్నాడు. మధ్యవర్తి తెచ్చే ఈసీ ఎవరూ తీసుకోవద్దు. దస్తావేజు నంబరు, సంవత్సరం, ఏ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసో తెలిస్తే తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి మనమే చూసుకోవచ్చు. తాకట్లన్నీ ఈసీలో ఎక్కవు, అందుకని సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో కూడా వెతికించండి. మా ఆఫీసులో దీని పేరు తెలిసింది నాకొక్కదానికే. ఇప్పుడు ఇల్లు కొనే ప్రతివాళ్లూ ముందు నా సీటు దగ్గరికే వస్తున్నారు.

మిగతాదంతా మామూలే. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 3 లక్షల 90 వేలు. ధర 50 లక్షలు లేదా అంతకు మించితే, అమ్మేవారికిచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్ (ఆదాయపు పన్ను) పట్టుకుని మనమే ప్రభుత్వానికి కట్టాలి. రిజిస్ట్రేషన్‌కు బుక్ చేసుకున్న స్లాటు రోజున ఫొటో, వేలిముద్రలు, గంటన్నరలో పని అయిపోయింది.

నిన్న మా పేరుతో కొత్త ఈసీ తీశాను. మామయ్య ఫోన్‌లో మొత్తం చదివించుకున్నారు. 2013 తాకట్టు, దాని రిలీజ్, మా క్రయ దస్తావేజు, చివర మా బ్యాంకుకు మేం పెట్టిన కుదువ. మా లోను 2043లో తీరుతుంది. ఫైలు అట్ట లోపల "చెల్లు రిజిస్టర్ చేయించాలి" అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను.