1.024 దగ్గర ఆగిపోతున్న కిత్తనార రసం: ఆరో విడత

రసం సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ మళ్లీ 1.024 దగ్గరే ఆగింది. నాలుగో విడతలో 1.026, ఐదో విడతలో 1.022, ఈసారి 1.024. పీన్యా (మట్టలు చెక్కేశాక మిగిలే కిత్తనార గడ్డ) మారింది, ఈస్ట్ మారింది, నెల మారింది, ఆగే చోటు మాత్రం మారలేదు. చక్కెరంతా ఆల్కహాల్‌గా మారి సవ్యంగా పులిస్తే 1.000కి అటూ ఇటూగా చేరవలసిన రసం సగం దారిలో ఎందుకు చతికిలబడుతున్నదో తేలేదాకా కొత్త పీన్యా కొననని ఈసారి పట్టుబట్టి కూర్చున్నాను. తొమ్మిది రోజులకు కారణం తేలింది. ఇదే తిప్పలు పడుతున్నవారికి ఉపయోగపడుతుందని లెక్కలన్నీ రాస్తున్నాను.

మా ఊళ్లలో రైలుకట్టల వెంట పెరిగే కిత్తనారకు దగ్గరి చుట్టమే నేను వాడే ఈ నీలి కిత్తనార. మెక్సికోలో నేనుండే గ్వాదలహారా నగరం నుంచి టెకీలా పట్టణం వైపు వెళ్తే దారిలో ఎల్ ఆరెనాల్ అనే ఊరు తగులుతుంది. 2006లో యునెస్కో గుర్తించిన తోటలు ఆ చుట్టుపక్కలవే. అక్కడి పొలంలో ఒక పెద్దాయన, చాలా ఏళ్లుగా హిమదోర్‌గా, అంటే కిత్తనార కోసే పనివాడిగా, పనిచేస్తున్నవాడు, ఏడేళ్ల మొక్కకు కోఆ అనే పొడవాటి పిడి పారతో మట్టలు చెక్కి 44 కిలోల పీన్యాను నా కారులోకి ఎక్కించాడు. కిలో ధర 30 పెసోలు దాటిన ఏళ్లలో ఈ ప్రయోగాలు నాకు అందుబాటులో ఉండేవి కావు, ఇప్పుడు ధర పడిపోయి రైతు నష్టపోతున్నాడు కనుక ఆయన అడిగినంతా ఇచ్చాను. పచ్చి రసంలోని కాల్షియం ఆక్సలేట్ సూదులు మోచేతుల దాకా గుచ్చుకుని రెండు రోజులు దురద పెట్టింది. నేను బయలుదేరుతుంటే ఆయన అన్న మాటను ఆ రోజు మర్యాదకు నవ్వి వదిలేశాను: "ఇంజినీరు గారూ, తొందరపడకండి. పొలంలో ఏడేళ్లు పట్టిన దానికి పొయ్యి మీద రెండు రోజులు పట్టదా?"

ఒక విషయం ముందే చెప్పాలి. ఇంట్లో నేను చేసేది ఉడకబెట్టి, దంచి, పులియబెట్టేవరకే. అనుమతి ఉన్న ఒక చిన్న బట్టీ యజమాని నా రసాన్ని తన రాగి అలంబిక్ అనే బట్టీ పాత్రలో కాచి ఇస్తారు. వచ్చిన సరుకు టెకీలా లాగే నీలి కిత్తనారతో చేసిందే అయినా, దాన్ని టెకీలా అనే హక్కు నాకు లేదు. 1974 నుంచి ఆ పేరుకు భౌగోళిక రక్షణ ఉంది, నియంత్రణ మండలి ధ్రువీకరణ లేనిదాన్ని అలా పిలవకూడదు. నా సీసాల మీద "అగావే (కిత్తనార) సారా" అనే రాసుకుంటాను.

పీన్యాలో సగం, అంటే 22 కిలోలు, ఈ విడతకు వాడాను. తమాలెలనే వంటకం వండే 60 లీటర్ల వపొరేరా అనే ఆవిరి పాత్రలో ఎనిమిది ముక్కలుగా పేర్చి, మొదటి రెండు గంటల్లో కారిన చేదు రసాన్ని పారబోసి, మొత్తం 14 గంటలు ఆవిరి పట్టాను. చెక్క సుత్తితో దంచి, గోరువెచ్చని నీటితో పీచును మూడుసార్లు కడిగితే 30 లీటర్ల మోస్తో, అంటే పులియబెట్టే రసం, వచ్చింది. రిఫ్రాక్టోమీటర్‌పై 13 బ్రిక్స్ (కరిగిన ఘనపదార్థపు శాతం), హైడ్రోమీటర్‌పై 1.052, పీహెచ్ 4.6. లాల్విన్ ఇసి-1118 అనే వైన్ ఈస్ట్‌ను 30 డిగ్రీల దగ్గర వేశాను. తొలి రాత్రే మూత ఎగిరేంత నురగ వచ్చింది. రెండో రోజు 1.036, మూడో రోజు 1.027, నాలుగో రోజు 1.024. ఆ తర్వాత ఏడో రోజు దాకా దాదాపు అక్కడే ఉండిపోయింది. రిఫ్రాక్టోమీటర్ 10 చూపిస్తున్నది గానీ, ఆల్కహాల్ కలిసిన రసంలో దాని లెక్క తప్పుతుంది కనుక పట్టించుకోలేదు.

మొదటి అనుమానం నత్రజని మీదికి పోయింది. కిత్తనార రసంలో అది తక్కువ, పెద్ద డిస్టిలరీలలో కూడా అమ్మోనియం లవణాలు కలుపుతారు. డైఅమ్మోనియం ఫాస్ఫేట్ 10 గ్రాములు వేసి ఒక రోజంతా చూశాను, 1.024 కాస్తా 1.023 అయింది, అంతే. రెండో అనుమానం చలి. ఇక్కడ జనవరి రాత్రులు 10 డిగ్రీలకు దిగుతాయి. దుప్పటి చుట్టి, అక్వేరియం హీటర్ దించి, 31 డిగ్రీల దగ్గర 36 గంటలు నిలిపాను. మార్పు లేదు. మూడో అనుమానం ఈస్ట్ చచ్చిపోయిందేమోనని. ఒక లీటరు రసాన్ని వేరే జాడీలోకి తీసి, ఇక్కడి బెల్లమైన పిలోన్సీయో 50 గ్రాములు కరిగించాను. కొలత 1.042కి ఎక్కింది, గంటన్నరలో బుడగలు మొదలయ్యాయి, 40 గంటలకు 1.020కి దిగి మళ్లీ ఆగింది. పెరిగిన ఆల్కహాల్ సాంద్రతను కొంత తగ్గిస్తుంది కనుక ఈ 1.020, ఆ 1.024 ఒకే మాట చెబుతున్నాయి. ఈస్ట్ బతికే ఉంది, ఆకలితోనే ఉంది, జాడీలో మిగిలినది దానికి తిండి కాదు.

ఈ ఒక్క పరీక్షను నాలుగో విడతలోనే చేసి ఉంటే నాకు రెండు పీన్యాలు మిగిలేవి.

కిత్తనారలో స్టార్చ్ (ధాన్యాల్లో ఉండే పిండి) లేదు. మొక్క తన శక్తిని ఫ్రక్టాన్‌లుగా, అంటే ఫ్రక్టోజ్ అణువులు గొలుసులుగా అల్లుకున్న రూపంలో, దాచుకుంటుంది. వేడీ పులుపూ కలిసి ఆ గొలుసులను తెంచితేనే తీపి పుడుతుంది. రిఫ్రాక్టోమీటర్‌కు గొలుసుకూ విడి ఫ్రక్టోజ్‌కూ తేడా తెలియదు, కరిగిన ఘనపదార్థమంతటినీ కలిపి ఒకే అంకెగా చూపిస్తుంది. మిగిలిన సగం పీన్యా నడిమి నుంచి పచ్చి ముక్కను పిండి చూస్తే అది కూడా 24 బ్రిక్స్ చూపించింది, నాలుక మీద వేసుకుంటే తీపి దాదాపు లేదు. కొలత బాగుందనుకుని మూడు విడతలు నేను మోసపోయింది అక్కడే.

దీన్ని రుజువు చేసుకోవడానికి విడి చక్కెర ఉంటే నీలం నుంచి ఇటుక ఎరుపుకు మారే, బడిలో వాడిన బెనెడిక్ట్ ద్రావణం తెప్పించాను. ఆగిపోయిన మోస్తోను ఇరవై రెట్లు పలుచన చేసి, బెనెడిక్ట్ కలిపి మరిగే నీటిలో ఐదు నిమిషాలు ఉంచితే నీలం రంగు అంచున లేత ఆకుపచ్చ ఛాయ తప్ప ఏమీ రాలేదు. అదే మోస్తోకు సిట్రిక్ ఆమ్లం కలిపి పీహెచ్‌ను 2 దగ్గరికి దించి, ముప్పావు గంట మరిగే నీటిలో ఉంచి, వంటసోడాతో ఆమ్లాన్ని విరిచి, అంతే పలుచన చేసి మళ్లీ పరీక్షించాను. మొదట ఆకుపచ్చ, ఆపై పసుపు, చూస్తుండగానే ఇటుక ఎరుపు. నాళిక అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంది. సుక్రోజ్ కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది గానీ, బతికున్న ఈస్ట్ ముందు నాలుగు రోజులు సుక్రోజ్ మిగలదు. అంటే మిగిలినవి తెగని ఫ్రక్టాన్‌లే. నా లెక్క ప్రకారం మోస్తోలో కరిగిన దానిలో సగానికి పైగా ఈస్ట్ ముట్టనే లేదు.

14 గంటలు ఉడికినా గొలుసులు ఎందుకు తెగలేదు? రెండు కారణాలు కలిశాయి. గ్వాదలహారా సముద్రమట్టానికి 1,560 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్లు 95 డిగ్రీలకే మరుగుతాయి, ఒత్తిడి లేని పాత్రలో ఆవిరి అంతకు మించి వేడెక్కదు. ఇది ఊహించినదే. ఊహించనిది రెండోది. నేను పెట్టిన థర్మామీటర్ మూత కింది ఆవిరిని కొలుస్తున్నది, ముక్క నడిమి వేడిని కొలవలేదు. దాచిన సగం నుంచి అదే పరిమాణం ముక్కను కోసి, మాంసం వండేటప్పుడు గుచ్చే ప్రోబ్‌ను మధ్యలోకి దించి పొయ్యి మీద పెడితే, లోపల 90 డిగ్రీలు చేరడానికి 6 గంటల 40 నిమిషాలు పట్టింది. అంటే ఆ 14 గంటల్లో నడిమి భాగానికి దక్కిన అసలు ఉడుకు ఏడు గంటల పైచిలుకే. దంచేటప్పుడే నాకిది కనిపించింది. ముక్క అంచున మూడు వేళ్ల మందాన పాత బెల్లం రంగు, చిలగడదుంప వాసన, చేతికి అంటుకునే పాకం ఉన్నాయి. దాని లోపల కంద గడ్డలా పాలిపోయిన పసుపు, దంచితే విడివడని గట్టి పీచు ఉన్నాయి. అక్కడి ముక్క నోట్లో పెట్టుకుంటే నాలుక చురుక్కుమంది కూడా. టెకీలా ప్రాంతపు ఇటుక ఓవెన్లలో ఆవిరి పట్టడం, మూసి చల్లారనివ్వడం కలిపి రెండు మూడు రోజులు తీసుకుంటారని చదివి కూడా, నా పాత్ర చిన్నది కనుక పద్నాలుగు గంటలు చాలుననుకున్నాను. పాత్ర చిన్నదే, ముక్క మాత్రం పెద్దదే.

అనుమానం పూర్తిగా తీరడానికి, ఇండియా నుంచి తెచ్చుకున్న హాకిన్స్ కుక్కర్‌లో పిడికెడంత పచ్చి ముక్కలను రెండున్నర గంటలు ఉడికించాను. ఆ రసం ఆమ్లంతో పని లేకుండానే ఇటుక ఎరుపు ఇచ్చింది. చాలా డిస్టిలరీలలో ఆటోక్లేవ్ (పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిది) గంటల్లో పని ముగించడానికి కారణం ఇదే, ఒత్తిడిలో వేడి వంద దాటుతుంది. అయితే కుక్కర్ రసంలో ఆ బెల్లపు వాసన పలుచగా ఉంది. డిఫ్యూజర్ పద్ధతిలో పచ్చి పీచును నీటితో కడిగి, ఆ రసాన్ని ఆమ్లంతోనో ఎంజైమ్‌తోనో విడగొడతారు, నేను నాళికలో చేసినదానికి అది పెద్ద రూపం. దిగుబడి బాగా వస్తుందని ఒప్పుకుంటాను, రుచిని మాత్రం ఒప్పుకోలేను. టన్నుల బరువైన తహోనా రాయితో, మన గానుగ తీరుగా నలిపి చేసే ఫోర్తలేసా బ్లాంకో అనే టెకీలాను వాసన చూస్తే ఉడికిన కిత్తనారే ముందు పలకరిస్తుంది. తహోనాను, రోలర్ మిల్లును రెండింటినీ వాడే సియెతె లెగ్వాస్ టెకీలాలోనూ ఆ గుణం ఉంది. నేను చేరాలనుకున్నది ఆ వాసన దగ్గరికే.

తొమ్మిది రోజులు నీడలో ఉన్న రెండో సగం కోసిన ముఖాన్ని రెండు వేళ్ల మందం చెక్కేసి, అరచేయంత మందాన కిలో ముక్కలు కోసి, 32 గంటలు ఆవిరి పట్టి, మూత తీయకుండా 12 గంటలు వదిలేశాను. ఆరు రోజుల్లో 0.999కి దిగింది, బట్టీలో రెండోసారి కాచినప్పుడు, మొదటి, చివరి ధారలు పక్కన పెడితే, 52 శాతం ఆల్కహాల్‌తో 2.1 లీటర్ల నడిమి ధార వచ్చింది. 30 కిలోల గ్యాస్ సిలిండర్‌లో సగం దాకా ఖర్చయింది, మూడు గంటలకోసారి లేచి మరిగే నీళ్లు పోయక తప్పలేదు. చల్లని నీళ్లు పోస్తే ఆవిరి తెగి, నడిమి వేడి నాలుగు డిగ్రీలు పడిపోయి, కోలుకోవడానికి ముప్పావు గంట పడుతున్నది. ఇది కూడా ప్రోబ్ చెప్పిన సంగతే.

ఇక ఇసి-1118కి సెలవు ఇస్తున్నాను. అది నమ్మకమైన ఈస్టే, కానీ ఏ రసం ఇచ్చినా వైన్ వాసన వైపే లాగుతుంది. మూడో విడతలో వాడిన బేకరీ ఈస్ట్‌లో పండు వాసన ఇంతకంటే మెరుగ్గా వచ్చింది. అమతితాన్ ఊళ్లో హెర్రదూరా అనే టెకీలా తయారీదారులు గాలిలోని సహజ ఈస్ట్‌తోనే పులియబెడతారు. ఈ ప్రాంతపు మోస్తోలలో దొరికే క్లూయివెరోమైసిస్ మార్క్సియానస్ అనే ఈస్ట్‌కు ఫ్రక్టాన్‌లను కొంత తెంచే శక్తి కూడా ఉంది. ఆగిపోయిన 30 లీటర్లను పారబోయలేదు. ఒక అయిదు లీటర్లలో ఎల్ ఆరెనాల్ నుంచి తెచ్చిన పచ్చి మట్ట మొదలు వేసి మూత వదులుగా పెట్టాను, నాలుగు రోజుల్లో 1.021కి వచ్చింది. వారం ఆగి మళ్లీ కొలుస్తాను, పుల్లబడితే కాపుకు పంపను.

ఏడో విడత మార్చిలో, కాస్త వెచ్చబడ్డాక. కిలో ముక్కలు, ప్రోబ్ నడిమి ముక్కలోనే, 90 డిగ్రీలు దాటాక 24 గంటల లెక్క మొదలు. మోస్తోను రెండు డ్రమ్ములుగా విడదీసి, ఒకదానిలో బగాసోను, అంటే నలిగిన పీచును, కలిపే పులియబెడతాను. రెండోది వడకట్టిన రసం. రెండింటినీ విడివిడిగా కాచడానికి బట్టీ యజమాని ఒప్పుకున్నారు. హిమదోర్ పెద్దాయన ఇచ్చిన ఆరు పిలకలు ఇప్పుడు పెరట్లో నీడన వేర్లు ఆరుతున్నాయి, జూన్ వానలకు ముందు నాటాలి.