వారానికో మాత్రా, ఏడాదికో డ్రిప్పా?

పోయిన శ్రావణమాసంలో గుమ్మం ముందు తడి ముగ్గు మీద కాలు జారింది. పడుతూ కుడిచెయ్యి నేలకు ఆనించాను, మణికట్టు విరిగింది. కట్టు కట్టిన డాక్టరు చెయ్యి కంటే పడిన తీరు గురించే ఎక్కువ అడిగారు. "నిలబడ్డ చోట పడితే విరగకూడదమ్మా, ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ తీయిద్దాం" అన్నారు. నాకు 63. ముట్లు ఆగి 15 ఏళ్లు.

హిందూపురంలో ఉన్న మా వదిన ఫోన్లో నమ్మలేదు. "సంగటి తిని పెరిగినవాళ్లం, మనకు ఎముకలు గుల్లబారడమేంటే?" అంది. రాగుల్లో కాల్షియం దండిగా ఉన్న మాట నిజమే. కానీ మెనోపాజ్ తర్వాత ఈస్ట్రోజెన్ పడిపోతే ఎముకను కట్టే కణాల కంటే కరిగించే కణాల జోరు పెరుగుతుందట. ఆ లోటు సంగటితో పూడదు. నా వెన్ను టీ స్కోరు, అంటే వయసులో ఉన్న ఆడవాళ్ల ఎముకతో పోల్చి చెప్పే అంకె, మైనస్ 2.9 వచ్చింది. మైనస్ 2.5, అంతకన్నా కిందికి పోతే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారిన జబ్బు కింద లెక్క.

మొదట ఎముక కరగడం తగ్గించే అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాములు, వారానికో మాత్ర. పరగడుపున గ్లాసుడు మామూలు నీళ్లతో మింగి, అరగంట కూర్చునో నిలబడో ఉండాలి. పడుకోకూడదు, కాఫీ ముట్టకూడదు. బెంగళూరులో పొద్దున ఆరింటికి ఇల్లంతా ఫిల్టర్ కాఫీ వాసన వస్తుంటే అరగంట ఎంత పొడుగో నాకు అప్పుడే తెలిసింది. మూడో ఆదివారం మాత్ర వేసుకుని మరిచిపోయి నడుం వాల్చాను. ఇక గుండెల్లో మంట! అసలే ఎసిడిటీ మనిషిని. ఆ మాత్ర అక్కడితో ఆగింది.

మళ్లీ వెళ్లినప్పుడు మా అమ్మాయి కాగితం మీద వేరే మందుల లెక్కలు రాసుకొచ్చింది. 2007లో వచ్చిన పరిశోధనలో జోలెడ్రోనిక్ యాసిడ్ మూడేళ్లలో వెన్నుపూస విరగడాలను 70 శాతం, తుంటి విరగడాలను 41 శాతం తగ్గించింది. 2009లో డెనోసుమాబ్‌కు 68, 40. "అయితే మొదటిదే మేలు కదా?" అంది. డాక్టరు నవ్వారు. ఆ రెండూ వేరు వేరు ఆడవాళ్ల మీద, ఉత్తుత్తి మందుతో పోల్చి చేసినవి, ఒకదాంతో ఒకటి పోటీ పెట్టినవి కావు, ఒకటి రెండు శాతాల తేడా చూసి గెలుపు చెప్పలేమన్నారు. తర్వాత ప్రశ్నలన్నీ నా బతుకు మీదే.

డెనోసుమాబ్ ఆరునెలలకో ఇంజెక్షన్. కానీ ఆలస్యమైనా మానేసినా రక్షణ త్వరగా పోతుంది, ఒకేసారి కొన్ని వెన్నుపూసలు విరిగే ప్రమాదం కూడా ఉంది. ఆపాలంటే ఇంకో మందు అందుకోవాలి. నేనేమో మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళితే ఐదారు నెలలు అక్కడే. రాలాక్సిఫీన్ వెన్నుకు పనికొస్తుంది గానీ తుంటికి ఆ రుజువు లేదు, పైగా రక్తం గడ్డకట్టే ముప్పు పెంచుతుంది, నాకేమో రెండో కాన్పప్పుడు కాల్లో రక్తం గడ్డకట్టింది. అది కొట్టేశారు. టెరిపారటైడ్ కొత్త ఎముకను కట్టే మందు. రోజూ సూది, రెండేళ్ల వరకే, ఆ తర్వాత మరో మందుతో నిలబెట్టుకోవాలి. నా కంటే జబ్బు ముదిరినవాళ్లకు ముందు అదే ఆలోచిస్తారట.

మిగిలింది జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు, ఏడాదికో డ్రిప్పు. తేదీ ఇచ్చారు. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో రెండు గంటలు ఊగి చేరాక నర్సమ్మ "పళ్ల చెకప్ అయిందా?" అంది. ఆ మాట అంతకుముందు ఎవరూ అనలేదు! అరుదుగానే అయినా ఈ మందుతో దవడ ఎముక దెబ్బతినవచ్చు, అందుకే పీకాల్సిన పన్ను ముందే పీకించుకోవాలి. కదులుతున్న దవడపన్ను తీయించి, పుండు మానేదాకా ఆగాను. ఈలోగా కిడ్నీ పరీక్ష చేశారు. విటమిన్ డి 14 ఉంటే, వారానికి 60,000 యూనిట్ల చొప్పున 8 వారాలు వేసుకోమన్నారు. అది తక్కువుండగా డ్రిప్పెక్కిస్తే రక్తంలో కాల్షియం పడిపోతుందట. తిప్పి పంపినందుకు కోపం సగం తగ్గింది.

డ్రిప్పు అరగంట. ఆ రాత్రి 101 జ్వరం, ఒళ్లంతా రోట్లో దంచినట్టు. మొదటిసారి చాలామందికి వస్తుందని ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడలేదు. పారాసిటమాల్‌తో మూడోరోజుకు లేచాను.

మొన్న వదిన బెంగళూరు వచ్చింది. లోపలి లంగాలన్నీ ఈమధ్య నేలకు రాస్తున్నాయని, అంచులు మడిచి కుట్టమని నా ముందు పెట్టింది. కుట్టలేదు. మనిషి ఎత్తు తగ్గిందంటే వెన్నుపూస కుంగి ఉండొచ్చు. మర్నాడే స్కానింగుకు తీసుకెళ్లాను.