పుట్లు పెరిగాయి, గడ్డి తగ్గింది

ఈసారి నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర మా కయ్యల్లో వరి ఎకరానికి మూడు పుట్ల పైనే దిగింది. మా వైపు పుట్టి అంటే 850 కిలోలు. మా తాత మొలగొలుకులు అనే పాత రకం వరి పండించేవాడు. అన్నం కమ్మగా ఉండేది, నిజమే. కానీ అది ఆరు నెలల పంట, ఏపుగా పెరిగి గాలివానకు పడిపోయేది.

1966లో విడుదలైన ఐఆర్-8తో పొట్టి కాండం రకాలు వచ్చాయి, ఎరువు వేసినా పైరు పడిపోకుండా నిలబడింది. తర్వాత మన నెల్లూరు వ్యవసాయ పరిశోధనా స్థానం అగ్గి తెగులును తట్టుకునే ఎన్‌ఎల్‌ఆర్ 34449 అనే వరి రకం ఇచ్చింది. సోమశిల జలాశయం నీళ్లు తోడై, పంట నాలుగు నెలల్లో చేతికొస్తుంటే ఎడగారు, అంటే రెండో పంట, కూడా వేయగలుగుతున్నాం. ఆ శాస్త్రవేత్తలకు మా ఇల్లు రుణపడి ఉంది.

నన్ను బాధపెట్టేది గడ్డి. కోత మిషన్ దిగితే గడ్డి నలిగి కయ్యంతా చెదిరిపోతుంది. దాన్ని కట్టలు కట్టే మిషన్‌కు మళ్లీ బాడుగ. అంత పెట్టలేక నిప్పు పెడుతున్నారు. మట్టికి చేరాల్సిన సత్తువ పొగైపోతోంది. వాములు లేవు, గొడ్లు తగ్గాయి, పెంట ఎరువు దొరకదు. ఆ లోటుకు యూరియా బస్తాలు! యూరియా ఎక్కువైన పైరుకే అగ్గి తెగులు, సుడిదోమ తొందరగా తగులుతాయని మా నాయన ప్రతి పంటకూ మొత్తుకుంటాడు.

వచ్చే పంటకు ముందు పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి, పెరిగాక కలియదున్నుతాం, గడ్డి తగలబెట్టం. చుట్టుపక్కల ఎవరికైనా జీలుగ విత్తనాలు కావాలంటే చెప్పండి, కలిసి తెప్పించుకుందాం.