పాపతో ఎండ దేశానికి: పెట్టెలో ఏం సర్దానంటే

మా పాపకి ఎనిమిది నెలలు. మొదటిసారి విమానం ఎక్కుతోంది, అదీ బాగా ఎండ కాసే దేశానికి. అన్నిటికంటే ముందు టోపీ సంగతి చూశాను. ముందు అంచు మాత్రమే ఉన్నది వద్దు. చెవులూ మెడ వెనకా కప్పేలా గుడ్డ వేలాడాలి. గడ్డం కింద పట్టీ మెత్తగా లేకపోతే పిల్ల క్షణంలో పీకి పారేస్తుంది. తర్వాత యూపీఎఫ్ (గుడ్డ ఎండని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 50+ ఉన్న పొడుగు చేతుల స్విమ్ సూట్. ఆరు నెలలు దాటాయి కాబట్టి జింక్ ఆక్సైడ్ (ఎండని ఆపే ఖనిజం) ఉన్న ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ పెట్టాను. అంతకన్నా చిన్నపిల్లలకి నీడే దిక్కు. క్రీము రాశాం కదా అని నేనైతే ఎండలో తిప్పను. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా నీడపట్టునే.

స్ట్రోలర్ (పాపని కూర్చోబెట్టి తోసే బండి) మీద దుప్పటి మాత్రం కప్పకండి. పల్చటి గుడ్డయినా సరే, లోపల గాలాడక వేడెక్కిపోతుంది. నేను క్లిప్పుతో బిగించే గొడుగు తీసుకున్నాను.

హ్యాండ్ బ్యాగులో డైపర్లు, పాపకి రెండు జతలు, నాకూ ఒకటి. కక్కితే ఇద్దరం మార్చుకోవాలిగా! హ్యాండ్ బ్యాగులో ద్రవాలు ఒక్కో సీసాలో 100 మిల్లీలీటర్లకి మించకూడదన్న నిబంధన చాలా విమానాశ్రయాల్లో పిల్లల పాలకి వర్తించదు, తనిఖీ దగ్గర విడిగా తీసి చూపించాలంతే. విమానం దిగేటప్పుడు పాలు పట్టిస్తే చెవుల నొప్పి తగ్గుతుంది, అందుకే ఒక సీసా చేతికందేలా పైనే ఉంచాను. తన పాస్‌పోర్టు నా పర్సులో ఉంది. ఫొటోలో కళ్లు ఇంతింత చేసుకుని ఎంత ముద్దుగా ఉందో!