వెనుక స్ప్రింగులు మార్చిన ఆదివారం

మా పాత చిన్న కారు వెనుక భాగం కుంగి, ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ అడుగు తగులుతుండడంతో, రెండు వెనుక స్ప్రింగులనూ ఇంటి దగ్గరే మార్చాను. ఒక్కటే మారిస్తే కారు ఒరుగుతుంది కనుక జతగానే మార్చాలి.

ముందు చక్రాలకు అడ్డుగా రాళ్లు పెట్టి, కారును జాకీతో లేపి స్టాండ్ల మీద నిలిపాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకు దూరడం ప్రాణాలతో చెలగాటం. టార్షన్ బీమ్ (రెండు వెనుక చక్రాలనూ కలిపే అడ్డ దూలం) ఉన్న ఈ కారులో స్ప్రింగు, షాక్ అబ్జార్బరు వేర్వేరుగా ఉన్నాయి. అందువల్ల బీమ్‌కు జాకీ ఆనించి, షాకుల కింది బోల్టులు విప్పి, బ్రేక్ గొట్టం లాక్కుపోకుండా చూస్తూ మెల్లగా దించితే, స్ప్రింగును నొక్కి పట్టే కంప్రెసర్ అవసరం లేకుండానే స్ప్రింగు వదులై చేతికి వచ్చింది. తుప్పు పట్టిన బోల్టులకే ఒక పూట పోయింది.

కొత్త స్ప్రింగు కొసను అది కూర్చునే రబ్బరు సీటులోని మెట్టుకు ఆనేలా తిప్పి పెట్టాను. షాకు బోల్టులను మాత్రం, బీమ్‌ను కారు బరువు పడే ఎత్తుకు లేపిన తరువాతే పూర్తిగా బిగించాను. వేలాడుతుండగా బిగిస్తే బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్ మెలిపడి త్వరగా చిరుగుతుంది.