బలాల పాఠాన్ని 'ఎందుకు ఆగింది?' అనే ప్రశ్నతో మొదలుపెట్టాను

బలం, చలనం పాఠం పిల్లలకు మొదటిసారి చెప్పాల్సి వచ్చినప్పుడు నిర్వచనం జోలికి పోలేదు. ఒక చెక్క దిమ్మను బల్ల మీద తోసి వదిలేశాను. కాస్త దూరం జారి ఆగిపోయింది. ఎందుకు ఆగిందని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే మాట: "మీరు తోయడం ఆపేశారు కదా టీచర్!"

ఈ జవాబును తేలిగ్గా తీసిపారేయకూడదు. కదలాలంటే ఏదో ఒకటి తోస్తూనే ఉండాలని అరిస్టాటిల్ కూడా అనుకున్నాడు, ఆ అభిప్రాయం శతాబ్దాల తరబడి నిలబడింది. రోజూ కళ్ల ముందు కనిపించేది అదే మరి.

అందుకే గాడి ఉన్న స్కేలును పుస్తకాల మీద వాలుగా ఆనించి గోళీ వదిలాం. కింద ముందు తువ్వాలు, తర్వాత పలచటి గుడ్డ, చివరికి నున్నటి నేల. స్కేలు ఎత్తు మార్చలేదు. తోసేవాళ్లు ఎవరూ లేకపోయినా గోళీ వెళ్లే దూరం పెరుగుతూ పోయింది. ఆపుతున్నది కిందున్నదేనని పిల్లలే అన్నారు. ఏ ఆటంకమూ లేకపోతే ఆగనే ఆగదు కదా అన్నదాకా వచ్చారు. వాలుతలాలతో గెలీలియో చేరుకున్నది సరిగ్గా అక్కడికే. అప్పుడు వోయేజర్ 1 సంగతి చెప్పాను. 1977లో బయల్దేరిన ఆ అంతరిక్ష నౌక, ఏ ఇంజనూ ముందుకు తోయకుండానే సెకనుకు దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో సూర్యుడికి దూరంగా పోతూనే ఉంది.

తర్వాత స్ప్రింగ్ త్రాసు. ఇది పిల్లలతోనే చేయించాలి, మనం చూపిస్తే చాలదు. దిమ్మకు కొక్కెం తగిలించి మెల్లగా లాగితే ముల్లు కదులుతుంది గానీ దిమ్మ కదలదు. ఇంకాస్త లాగితే ఒక్కసారిగా జారుతుంది, ముల్లు కొంచెం వెనక్కి పడుతుంది. కదిలించడానికన్నా కదుపుతూ ఉండటానికి తక్కువ బలం చాలని చేతికే తెలిసిపోతుంది. ఒకే వేగంతో లాగుతున్నప్పుడు మన లాగుడూ, బల్ల వెనక్కి పట్టే ఘర్షణా సమానం, అంటే అన్నీ కలిపితే మిగిలే ఫలిత బలం సున్నా. ఇది మాత్రం అంత తొందరగా మింగుడుపడలేదు.

అన్నిటికన్నా మొండిది పైకి విసిరిన బంతి. చెయ్యి వదిలాక దాని మీద ఉన్న బలాలను బాణం గుర్తులతో గీయమంటే చాలామంది పైకి ఒక బాణం పెట్టారు. "చేతి బలం బంతిలో ఉంది కదా" అని ఒక అమ్మాయి గట్టిగా వాదించింది. బంతికి ఉన్నది వేగం, చేతి బలం మాత్రం చెయ్యి తగిలి ఉన్నంతసేపే. గాలిని పక్కన పెడితే, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఉన్నది ఒక్క గురుత్వాకర్షణే, అదీ కిందికే. ప్రతి సెకనుకూ వేగాన్ని సెకనుకు 9.8 మీటర్ల చొప్పున మార్చేది అదే. "పైన క్షణం ఆగినప్పుడు కూడా ఉందా?" అని అడిగింది. ఉంది. లేకపోతే బంతి అక్కడే ఉండిపోవాలి.

ఆ తర్వాతే న్యూటన్ రెండో నియమం బోర్డు మీదికి వచ్చింది. 1 కిలో వస్తువు మీద 1 న్యూటన్ ఫలిత బలం పనిచేస్తే, ప్రతి సెకనుకూ దాని వేగం సెకనుకు 1 మీటరు చొప్పున పెరుగుతుంది. చర్య, ప్రతిచర్యలను, అంటే ఒక వస్తువు ఇంకోదాన్ని తోస్తే అదీ అంతే బలంతో తిరిగి తోయడాన్ని, మాత్రం ఇందులో కలపలేదు. ఆ రెండూ వేర్వేరు వస్తువుల మీద పనిచేస్తాయి. తొందరపెడితే పిల్లలు రెండు బాణాలనూ ఒకే దిమ్మ మీద గీసి, ఒకదానికొకటి సరిపోయాయని రెండూ తీసేస్తారు.