బ్లూ మూన్, మా అమ్మమ్మ లెక్క

2023 ఆగస్టులో శ్రీకాకుళంలో ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకు కోచింగ్ తీసుకుంటున్నాను. స్పీకింగ్ అంటేనే నాకు టెన్షన్. సినిమాలకు ఎన్నాళ్లకోసారి వెళ్తారని మాక్ టెస్టులో సర్ అడిగితే, "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్, నెలకు రెండుసార్లు" అని ఇంగ్లీషులో చెప్పాను. "ఏదో ఒకటే చెప్పమ్మా, రెండూ కలిపి కుదరవు" అన్నారాయన.

మనం 'అమావాస్యకో పున్నానికో' అంటాం కదా, ఇదీ అదే అనుకున్నాను. అమావాస్య, పున్నమి పదిహేను రోజులకొకటి వచ్చిపోతుంటాయి. బ్లూ మూన్ అలా రాదు, అందుకే 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటే చాలా అరుదుగా అని. ఒకే ఇంగ్లీషు నెలలో పడే రెండో పున్నమిని బ్లూ మూన్ అంటారు. 1946లో ఒక అమెరికా ఖగోళ పత్రికలో దొర్లిన పొరపాటు వల్ల పాకిన అర్థమిది. జాతీయం మాత్రం అంతకంటే చాలా పాతది. పున్నమి నుంచి పున్నమికి 29న్నర రోజులు, ఫిబ్రవరి తప్ప మిగతా నెలలకు 30 లేదా 31. ఆ మిగులు పేరుకుని రెండున్నరేళ్లు దాటాక ఒక నెలలో రెండు పున్నాలు పడతాయి.

ఇదంతా అమ్మమ్మకు చెబుతుంటే, బియ్యం చెరుగుతున్న చాట పక్కన పెట్టి, "అధికమాసం లెక్కే కదేటే ఇది? ఈ ఏడు మనకి రెండు శ్రావణాలు రాలేదేటి?" అంది. గోడమీది క్యాలెండర్ చూశాను. అధిక శ్రావణ పున్నమి ఆగస్టు 1న, రాఖీ పున్నమి నెలాఖరున. ఎక్కడి ఇంగ్లీషు మాటో మా వంటింట్లో తేలిపోయినందుకు ఎంత సంతోషమేసిందో!

30న రాత్రి ఇద్దరం డాబా ఎక్కాం. చంద్రుడు నీలంగా లేడు. కొబ్బరిమట్టల వెనక తెల్లగా, మామూలు కంటే కాస్త పెద్దగా ఉన్నాడు.

తర్వాత సర్ వాడుక నేర్పారు. అరుదన్న అర్థం మాటలోనే ఉంది కాబట్టి వాక్యంలో మళ్లీ 'నాట్' పెట్టకూడదు. రైటింగ్‌లో వ్యాసానికి ఇది నప్పదు, కబుర్లలోనే బాగుంటుంది. అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకడం గురించి వాడొచ్చా అని అడిగాను. వద్దన్నారు. అది ఏటా మార్చిలో, అక్టోబరులో వచ్చేదే. ఎప్పుడొస్తుందో ఎదురుచూడనక్కర్లేని దానికి ఈ మాట అతకదు.

విశాఖలో అసలు పరీక్ష. బంధువులను తరచూ కలుస్తారా అని ఎగ్జామినర్ అడిగింది. దుబాయ్ మావయ్య గుర్తొచ్చాడు. "ఆయన వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ వస్తాడు, పోయినసారి నేను ఇంటర్‌లో ఉన్నాను" అన్నాను. ఆవిడ తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయింది.